అమ్మకు మతిమరుపు పెరిగింది జబ్బుతోనా, బిళ్లలతోనా? పామూరు నుంచి ఎవరిని అడగాలి?

తల్లో తండ్రో పామూరులో, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. పశ్చిమ ప్రకాశంలో ఇలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ఇంట్లో పెద్దావిడకు మతిమరుపు మొదలైతే సంప్రదింపులన్నీ ఎక్కువగా ఫోన్‌లోనే నడుస్తాయి. ‘డాక్టరు డిమెన్షియా కావచ్చు అన్నాడు, బిళ్లలు రాశాడు. అవి మొదలుపెట్టాక అన్నం సయించట్లేదు. పగలంతా మగత. రాత్రయితే లేచి తలుపు తీసుకుని పోతోంది. బిళ్లలు ఆపేద్దామా?’

ఆపాలా వద్దా అన్నది ఫోన్‌లో తేల్చే విషయం కాదు, ఈ కథనం కూడా తేల్చదు. కానీ ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. కొత్త మందు పడలేదా? ఎప్పటి నుంచో వేసుకుంటున్న పాత మందులే మతిమరుపులా కనిపిస్తున్నాయా? లేక జబ్బే ముదురుతోందా? ఈ మూడింటికీ ప్రభుత్వ వైద్య వ్యవస్థలో ఎక్కడో ఒకచోట జవాబు దొరుకుతుంది. ఒకేచోట మాత్రం దొరకదు. అసలు ఇబ్బంది అదే.

సమస్య చిన్నదేమీ కాదు. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పట్టణాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఇది ఎక్కువని కూడా ఆ అధ్యయనంలో తేలింది. 

‘కావచ్చు’ అన్న మాటకు అర్థం ఏమిటి?

మతిమరుపు జబ్బును ఒక్క రక్త పరీక్షతోనో, ఒక్క స్కాన్‌తోనో నిర్ధారించరు. ఇంట్లోవాళ్లు చెప్పే వివరాలు, జ్ఞాపకశక్తి ప్రశ్నలు, రక్త పరీక్షలు, అవసరమైతే స్కాన్, అన్నీ కలిపి చూస్తారు. బడికి వెళ్లని మనిషిని ఈరోజు తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని అడిగితే జబ్బు లేకపోయినా తప్పు చెప్పవచ్చు. అందుకే మన దగ్గర చదువు రానివారి కోసం వేరే పరీక్షలు తయారు చేసుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్ నిమ్స్‌లోని మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగువారి మీదే ఏళ్ల తరబడి పని చేసింది. 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయని ఆ బృందం 2013లో ప్రకటించింది. వారిలో చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

కాబట్టి ‘డిమెన్షియా కావచ్చు’ అని డాక్టరు అంటే, ఇంకా తేల్చాల్సింది ఉందని అర్థం. తేల్చాల్సిన వాటిలో మొదటి వరుసలో ఉండేవి థైరాయిడ్, బి12 లోపం, రక్తంలో సోడియం, చక్కెర, కిడ్నీ పనితీరు, ఇన్‌ఫెక్షన్. వీటి పక్కనే ఉండాల్సింది మరొకటి ఉంది. అదే ఆవిడ వేసుకుంటున్న మందుల జాబితా.

ఇక్కడ అన్నిటికంటే విలువైన సమాచారం తేదీ. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద పెరుగుతుంది. నిన్నటి దాకా మనవడి పేరు పెట్టి పిలిచిన మనిషి ఈ వారంలోనే ఉన్నట్టుండి గుర్తుపట్టకపోతే, పొద్దున బాగుండి సాయంత్రానికి అయోమయంగా మాట్లాడుతుంటే దాన్ని వైద్యులు డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఉన్నట్టుండి ఆపేసిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. డిమెన్షియా ఉన్నవారికి డెలీరియం రావడం మరీ తేలిక. ‘వయసు కదా, జబ్బు ముదిరింది’ అని వదిలేస్తే చికిత్సతో తగ్గేది కాస్తా ప్రాణాపాయం అవుతుంది. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే ఏ మందు ఎప్పుడు మొదలైంది, మార్పు ఎప్పుడు కనిపించింది అని రెండు ముక్కలు రాసి పెట్టుకుంటే డాక్టరుకు అది స్కాన్ కంటే ముందు పనికొస్తుంది.

మతిమరుపులా కనిపించే మందులు

కనిగిరి ప్రాంతానికి ఫ్లోరైడ్ నీళ్లు కొత్త కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో. షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో దాన్ని గుర్తించింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఎనభై ఏళ్లు దాటినా ఈ ప్రాంతంలో నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులు, కాళ్ల తిమ్మిర్లు లేని పెద్దవాళ్లు తక్కువ. నొప్పికి బిళ్ల, దానికి తోడు ‘నరాల బలానికి’ ఇంకో బిళ్ల. మతిమరుపు గురించి మాట్లాడేటప్పుడు నొప్పి బిళ్లల ప్రస్తావన రాకపోతే మన ప్రాంతంలో సగం సంగతి వదిలేసినట్లే.

ఎందుకంటే నరాల బలానికని ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో ఉండేది విటమిన్ ఒక్కటే కాదు. ప్రీగాబలిన్ లేదా గాబాపెంటిన్ ఉంటుంది, చాలాసార్లు దానికి నార్ట్రిప్టిలిన్ కూడా కలిపి ఉంటుంది. మొదటి రెండూ మగత, తలతిప్పు, తూలడం తెస్తాయి. ఇవి కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి కాబట్టి కిడ్నీ పనితీరు తగ్గినవారిలో మామూలు మోతాదు కూడా ఎక్కువైపోతుంది. ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడినవారి కిడ్నీలు ఎలా ఉన్నాయో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ట్రమడాల్ కూడా పెద్ద వయసువారిని అయోమయంలో పడేయగలదు.

నార్ట్రిప్టిలిన్‌ది ఇంకో కథ. మెదడులో జ్ఞాపకశక్తికి అవసరమైన ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం ఉంటుంది. దాని పనిని అడ్డుకునే మందుల పట్టిక చాలా పొడవు, అందులో చాలావరకు మనం మందులుగా కూడా లెక్కపెట్టనివే. జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దురదకు వేసే అవిల్, ఫెనర్గాన్, కడుపు నొప్పికి డైసైక్లోమిన్, నిద్రకూ నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడానికి ఇచ్చే ఆక్సీబ్యూటినిన్. నలభై ఏళ్ల వయసులో వీటితో నోరు ఎండుతుంది, కాస్త నిద్ర వస్తుంది, అంతే. డెబ్భై ఏళ్ల మనిషిలో మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం, మాట తడబడటం, లేనివి ఉన్నట్లు కనిపించడం దాకా వెళ్లవచ్చు. ఒక్కోటి విడిగా చూస్తే పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. రెండు మూడు ఒకేసారి పడితేనే ప్రమాదం. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లోనే పెద్దవయసువారికి వీలైనంత వరకు వద్దనదగిన మందుల జాబితా తయారు చేశారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ వస్తున్నారు, 2023లోనూ కొత్త కూర్పు వచ్చింది. పైన చెప్పిన వాటిలో చాలా పేర్లు అందులో కనిపిస్తాయి.

చక్కెర మాత్రలది మరో దారి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటివి వేసుకుని అన్నం సరిగా తినకపోతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే గుర్తుపడతాం. పెద్దవాళ్లలో చాలాసార్లు అవేవీ రావు, పిచ్చిగా మాట్లాడటం, మత్తుగా పడుకోవడం మాత్రమే కనిపిస్తుంది. ‘పొద్దున తిన్నావా’ అంటే తిన్నానంటుంది, నిజానికి తినలేదు. మతిమరుపు ఉన్న మనిషికి ఇన్నాళ్లూ పడిన చక్కెర మాత్రే ఒక్కసారిగా ప్రమాదకరంగా మారేది ఇక్కడే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, అదీ మతిమరుపుకు ఒక కారణం. బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినవి కొందరిలో సోడియం తగ్గిస్తాయి. ప్రకాశం ఎండల్లో, నీళ్లు సరిగా తాగని మనిషికి, పైగా విరేచనాలు అయితే, ఈ మాత్రతో ఏం జరుగుతుందో ఏప్రిల్, మే నెలల్లో గమనించుకోవాలి.

మతిమరుపు మందుల సంగతి

డోనెపిజిల్ మన దగ్గర ఎక్కువగా రాసే మందు. అది జబ్బును నయం చేయదు, ముదరకుండా ఆపదు. కొందరిలో కొంతకాలం లక్షణాలను కాస్త నిలకడగా ఉంచుతుంది. ఈ సంగతి రాసిన రోజే చెబితే చాలా ఇళ్లలో అపోహలు తగ్గేవి. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు చూశాక 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం, పిచ్చి కలలు దీనితో తరచుగా కనిపిస్తాయి. చాలామందిలో కొన్ని వారాలకు సర్దుకుంటాయి. మోతాదు పెంచినప్పుడు మళ్లీ రావచ్చు. కలలు ఎక్కువైతే రాత్రి వేసే బిళ్లను పొద్దుటికి మార్చడం, కడుపులో తిప్పితే తిన్నాక ఇవ్వడం లాంటి చిన్న మార్పులు డాక్టరు చెప్పగలరు. ఫోన్‌లో అడిగినా చెబుతారు.

అలా సర్దుకునే వాటిలోకి రానివి రెండు ఉన్నాయి. ఒకటి, నాడి నెమ్మదించడం. ఆవిడ అప్పటికే అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ, గుండె మందులు వాడుతుంటే ఇది ఇంకా ఎక్కువ. కళ్లు తిరిగి పడిపోయినా, నాడి నిమిషానికి 50 లోపు ఉండి నీరసంగా ఉన్నా ఆ రోజే వైద్యుడికి చూపించాలి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే నాడి కూడా చూపిస్తుంది, చాలామంది ఆ మూడో అంకెను పట్టించుకోరు. రెండోది బరువు తగ్గడం. నెల నెలా బరువు చూసి రాసుకోవాలి.

మెమాంటిన్ అనే రెండో మందుతో తలతిప్పు, తలనొప్పి, మలబద్ధకం, కొందరిలో అయోమయం రావచ్చు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి మోతాదు తగ్గించాలి. నొప్పి మాత్రలు అలవాటైన మన ప్రాంతంలో ఈ మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష అయిందా అని అడగడం అతి కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. డోనెపిజిల్ ఎసిటైల్‌కొలిన్‌ను పెంచుతుంది. దానితో కొందరికి మూత్రం ఆపుకోలేకపోవడం మొదలవుతుంది. అది మందు వల్ల అని ఎవరూ అనుకోరు, వయసు వల్ల అనుకుంటారు. వేరే డాక్టరు ఆక్సీబ్యూటినిన్ రాస్తారు. అది ఎసిటైల్‌కొలిన్‌ను అడ్డుకుంటుంది. చెరువులోకి ఒక పక్క నీళ్లు వదులుతూ ఇంకో పక్క తూము తెరిచినట్లు. రెండు మందులకూ డబ్బు పోతుంది, మతిమరుపు మాత్రం పెరుగుతుంది. ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు రాయడాన్ని రోషాన్, గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గొలుసుకట్టుగా వర్ణించారు. కెనడాలోని అంటారియోలో 2005లో వచ్చిన పరిశీలన సరిగ్గా ఈ డోనెపిజిల్, మూత్రం మాత్రల గొలుసునే పట్టుకుంది. అక్కడ రికార్డులు ఒకేచోట ఉన్నాయి కాబట్టి దొరికింది. మన దగ్గర ఇలాంటి గొలుసు ఏ రికార్డులోనూ కనిపించదు, తలగడ కింద ఉన్న మందుల కవర్‌లోనే ఉంటుంది.

రాత్రి నిద్ర కోసం ఇచ్చే మందులు

చూసుకునేవాళ్లకు నిద్ర లేకపోవడమే చాలా నిర్ణయాలకు మూలం. ఇది తప్పుపట్టాల్సిన విషయం కాదు. పగలంతా పని చేసి, రాత్రి మూడుసార్లు లేచి అత్తగారిని వీధిలోంచి వెనక్కి తెచ్చుకునే కోడలు ‘ఏదైనా నిద్ర బిళ్ల రాయండి డాక్టరుగారూ’ అని అడగక ఏం చేస్తుంది? అలా వచ్చేవే అల్ప్రజోలం, క్లోనజిపాం, వాటికి లొంగకపోతే క్వెటియాపిన్, రిస్పెరిడాన్, హాలోపెరిడాల్.

మొదటి రెండూ నిద్ర కంటే ఎక్కువగా తూలడం, పడిపోవడం, మర్నాడు మగత, మరింత మతిమరుపు ఇస్తాయి. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత జరిగేదంతా వేరే. అల్ప్రజోలం, డయజిపాం, జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి వీటిని చీటీ లేకుండా అమ్మకూడదు, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో షాపువారు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. ‘నాలుగు నిద్ర బిళ్లలివ్వు’ అంటే కత్తెరతో కోసి ఇచ్చే షాపు ఈ నిబంధనను పాటించనట్లే.

క్వెటియాపిన్, రిస్పెరిడాన్ లాంటి యాంటీసైకోటిక్ మందులది ఇంకా బరువైన సంగతి. డిమెన్షియా ఉన్న పెద్దవారిలో ఇవి మరణాల ముప్పును సుమారు 1.6 నుంచి 1.7 రెట్లు చేస్తున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. 2008లో పాత తరం మందులైన హాలోపెరిడాల్ వంటి వాటికీ దాన్ని వర్తింపజేసింది. బ్రిటన్‌లో ప్రొఫెసర్ సుబే బెనర్జీ 2009లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ ఏటా లక్షా 80 వేల మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇచ్చేవారు. వారిలో మేలు పొందింది సుమారు 36 వేల మంది. ఈ మందుల వల్ల అదనంగా చనిపోతున్నవారు ఏటా 1,800 మంది. ఆ నివేదిక తర్వాత అక్కడ వాడకం తగ్గించే ప్రయత్నం మొదలైంది.

అలాగని ఈ మందులు ఎప్పుడూ వద్దని కాదు. తననో, పక్కవారినో గాయపరిచేంత ఆందోళన ఉంటే, లేనిపోని భయాలతో అల్లాడుతుంటే తక్కువ మోతాదులో, తక్కువ కాలం ఇస్తారు. ముప్పు ఇదీ అని ఇంట్లోవారికి చెప్పి ఇవ్వాలి. బ్రిటన్ మార్గదర్శకాల్లో కనీసం ఆరు వారాలకోసారి ఇంకా అవసరమా అని తిరిగి చూడాలని ఉంది. మన చీటీల్లో ఆ ‘తిరిగి చూడటం’ తరచుగా కనపడదు. ఒకసారి రాసిన మందు ఏడాది పాటు అదే చీటీ మీద నడుస్తుంది.

ఇక్కడా గొలుసు ఉంది. హాలోపెరిడాల్‌తో ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు వణికితే పాసిటేన్ రాస్తారు. అది కూడా ఎసిటైల్‌కొలిన్‌ను అడ్డుకునేదే. మతిమరుపుకు తోడు మలబద్ధకం. మలబద్ధకంతో మళ్లీ రాత్రి ఆందోళన. లేవీ బాడీ రకం డిమెన్షియా ఉన్నవారికైతే ఈ యాంటీసైకోటిక్‌లు అసలే పడవు, ఒక్క డోసుతోనే మంచం పట్టవచ్చు. లేని మనుషులు, పిల్లలు స్పష్టంగా కనిపిస్తున్నారని ఆవిడ చెబుతుంటే, దాంతోపాటు నడక బిగుసుకుంటే, మందు రాయకముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

మందు వేసే ముందు మలబద్ధకం, మూత్రంలో మంట, దంతాల నొప్పి, రాత్రి ఆకలి లాంటివి ఉన్నాయేమో చూడండి. నొప్పి ఉందని చెప్పలేని మనిషి తిట్టడం ద్వారా, తిరగడం ద్వారా చెబుతుంది. పగటి నిద్ర తగ్గించడం, సాయంత్రం టీ ఆపడం, గదిలో చిన్న లైటు వెలిగించి ఉంచడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ నిద్ర బిళ్ల కంటే ముందు ప్రయత్నించాల్సింది వీటినే.

మరి అన్ని బిళ్లలనూ కలిపి చూసేదెవరు?

పామూరు మనిషి వైద్యం ఎన్ని చోట్ల జరుగుతుందో చూడండి. బీపీ, షుగర్ మాత్రలు 104 వాహనంలోనో, గ్రామ ఆరోగ్య కేంద్రంలోనో వస్తాయి. మోకాళ్లకు కనిగిరిలో ఎముకల డాక్టరు. మతిమరుపుకు ఒంగోలు పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగమో, నెల్లూరులో ప్రైవేటు న్యూరాలజిస్టో. ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే, రానూపోనూ ఒక రోజు పని. మధ్యలో జ్వరమొస్తే వీధిలోని ఆర్‌ఎంపీ. పైన మందుల షాపు. ఎవరి చీటీ వారిది. బీపీ లెక్క సర్కారు దగ్గర ఉంది, షుగర్ లెక్క ఉంది. ఈ మనిషి మొత్తం ఎన్ని రకాల బిళ్లలు మింగుతోందన్న లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

ఇతర దేశాల్లో ఈ పనిని ఒకరికి అప్పగించారు. ఆస్ట్రేలియాలో 2001 నుంచి డాక్టరు సిఫార్సు చేస్తే ఫార్మసిస్టు ఇంటికి వచ్చి మందులన్నీ పరిశీలించే పథకం ఉంది, ఖర్చు ప్రభుత్వానిదే. మన దగ్గర ఫార్మసిస్టు అంటే కౌంటర్ వెనక చిల్లర ఇచ్చే మనిషే అన్న భావన ఉంది. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో రోగికి మందుల గురించి వివరించడం ఫార్మసిస్టు విధుల్లో ఉంది. కాగితం మీద ఉన్న ఆ పనిని చేయించే ఏర్పాటు లేదు.

14 అంకెల ఆభా నంబరుతో అన్ని రికార్డులూ ఒకచోట చేరతాయని 2021 సెప్టెంబరులో మొదలైన డిజిటల్ మిషన్ చెబుతోంది. సర్కారు ఆసుపత్రి చీటీ వరకు అది జరగొచ్చు. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లలు, షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రలు ఏ నంబరులోనూ పడవు. బీమా కూడా ఇక్కడ అక్కరకు రాదు. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన వయ వందన కార్డు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. నెల నెలా కొనే బిళ్లలకు కాదు.

ఉన్నవాటిలో దగ్గరి దారి గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని. కేంద్రంలోని ఆరోగ్య అధికారి దగ్గర కూర్చుని వీడియోలో డాక్టరుతో మాట్లాడించవచ్చు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి తరఫున చూసుకునేవారు కూడా సంప్రదించవచ్చు. అయితే షెడ్యూల్ ఎక్స్ మందులను, మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చేవాటిని ఆ మార్గదర్శకాలు ఫోన్, వీడియో వైద్యానికి దూరంగా ఉంచాయి. కాబట్టి నిద్ర బిళ్లల చీటీని ఇలా కొనసాగించుకోవచ్చని అనుకోవద్దు. సరదా ఏమిటంటే ఆ ఇంగ్లిష్ పత్రంలో ‘ఆర్‌ఎంపీ’ అంటే రిజిస్టరైన డాక్టరు. మన వీధిలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో అందరికీ తెలుసు.

టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అది రోగులకే అనుకుంటారు గానీ, చూసుకుంటూ అలిసిపోయినవారు కూడా చేయవచ్చు. రాత్రి ఆందోళనను ఎలా తట్టుకోవాలో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. 14567 పెద్దవయసువారి కోసం ఉన్న ఎల్డర్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

ఇక చాలామందికి తెలియని నంబరు 1800-180-3024. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. పని రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు ఈ నంబరుకు రోగులు, ఇంట్లోవారు నేరుగా చెప్పవచ్చు. సామాన్యుల కోసం వేరే ఫారం ఉంది, తెలుగులోనూ ఉంది. ఆ మందు వల్లే జరిగిందని రుజువు చేయనక్కర్లేదు, అనుమానం చాలు. పేరు గోప్యంగా ఉంచుతారు. చికిత్స చెప్పే నంబరు మాత్రం కాదిది. ఇక్కడి వివరాలు స్వీడన్‌లోని ఉప్సలాలో ఉన్న ప్రపంచ నిల్వలోకి చేరతాయి. పామూరు లాంటి ఊళ్ల నుంచి, డెబ్భై దాటిన ఆడవాళ్ల గురించి, రెండు మూడు మందులు కలిసి చేసిన కీడు గురించి ఎవరూ చెప్పకపోతే ఆ లెక్కలో వాళ్లు ఉండరు.

ఈ ఆదివారం ఊరికి వెళ్తే

తలగడ కింద, దేవుడి గూట్లో, ఫ్రిజ్ మీద, డబ్బాల్లో ఉన్న బిళ్లలన్నీ ఒక సంచిలో వేయండి. కంటి చుక్కలు, ఆయుర్వేద పొడులు, ఆర్‌ఎంపీ ఇచ్చిన కాగితం పొట్లాలు కూడా. ప్రతి స్ట్రిప్‌ను రెండు వైపులా ఫొటో తీయండి. ఒకే అమ్లోడిపిన్ రెండు కంపెనీల పేర్లతో రెండు డబ్బాల్లో దొరికితే ఆశ్చర్యపోవద్దు. జనరిక్ ఒకటి సర్కారు ఇచ్చినది, బ్రాండ్ ఒకటి షాపులో కొన్నది, ఆవిడ రెండూ వేసుకుంటుంది. స్ట్రిప్ మీద బ్రాండ్ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా చూడాలి. షాపువారిని బిల్లు అడగండి, స్ట్రిప్ కోస్తే పేరున్న ముక్క ఇవ్వమనండి. ఆ సంచిని అలాగే డాక్టరు ముందు పెట్టి ‘వీటిలో ఏది తగ్గించవచ్చు’ అని అడగండి. ‘ఇంకేం రాస్తారు’ అని అడిగితే వచ్చే జవాబు వేరు.

డాక్టరు చెప్పకుండా ఆపకూడనివి కొన్ని ఉన్నాయి. ఎన్నాళ్లగానో వేసుకుంటున్న అల్ప్రజోలం లాంటి నిద్ర బిళ్లలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించాలి. ఫిట్స్ మందులు, పార్కిన్సన్ మందులు, స్టెరాయిడ్లు, గుండెకు వాడే అటెనలాల్, మెటోప్రొలాల్ కూడా అంతే. డోనెపిజిల్ కొన్ని రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టాలన్నా పాత పెద్ద మోతాదుతో కాకుండా డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

మనిషి స్పృహ తప్పినా, లేపితే లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, మూతి వంకర పోయినా, ఒళ్లు కర్రలా బిగుసుకుని జ్వరం వచ్చినా 108కి ఫోన్ చేయండి. షుగర్ మాత్రలు వాడే మనిషి అయితే 108 వచ్చేలోపు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మింగగలిగే స్థితిలో ఉంటే చక్కెర కలిపిన నీళ్లు ఇవ్వండి. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆ మందుల సంచి కూడా వెంట వెళ్లాలి.